కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌లో జింక్ బదులు మాంగనీస్: ఎపాక్సైడ్ వస్తోంది, కానీ రెండు ఎనాన్షియోమర్లూ (అద్దంలో బింబాల్లాంటి కుడి ఎడమ రూపాలు) సగం సగం. తప్పెక్కడ?

అనంత_ఎంజైమ్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. మానవ కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 2 మీద పని చేస్తున్నాం. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బొనేట్‌గా మార్చే ఎంజైము ఇది. పాకెట్ (రియాక్షన్ జరిగే గుంట) అడుగున 94, 96, 119 హిస్టిడీన్లు పట్టుకున్న జింక్‌ను తీసేసి అక్కడ మాంగనీస్ కూర్చోబెడితే, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో స్టైరీన్‌ను స్టైరీన్ ఆక్సైడ్‌గా (ఇది ఒక ఎపాక్సైడ్, అంటే ఆక్సిజన్ ఉన్న మూడు పరమాణువుల వలయం) మారుస్తుందని అమెరికాలో కజ్లౌస్కస్ బృందం 2006లో చూపించింది. ప్రకృతిలో ఈ ఎంజైము చేయని పని అది. అక్కడి నుంచి ఇంకో అడుగు వేసి, పాకెట్‌లో అమైనో ఆమ్లాలు మార్చి ఒక ఎనాన్షియోమరే ఎక్కువ వచ్చేట్టు చేయాలన్నది మా లక్ష్యం.

చేసిన పద్ధతి: ఈ.కోలై బీఎల్21 డీఈ3, ఎల్‌బీ మీడియం, ఓడీ (కణాల సాంద్రత) 0.7 దగ్గర 0.5 మిల్లీమోలార్ ఐపీటీజీ (ప్రోటీన్ తయారీ మొదలుపెట్టించేది), 30 డిగ్రీల దగ్గర రాత్రంతా. సల్ఫనమైడ్ అగరోజ్ కాలమ్ మీద శుద్ధి చేసి 0.4 మోలార్ సోడియం అజైడ్‌తో దింపాం. 10 మిల్లీమోలార్ ఈడీటీఏలో (లోహాలను పట్టుకునే రసాయనం) 24 గంటలు డయాలసిస్ చేసి జింక్ తీశాం. హెపీస్ బఫర్‌లోకి మార్చి, 20 మైక్రోమోలార్ ఎంజైముకు 1 మిల్లీమోలార్ మాంగనీస్ క్లోరైడ్ కలిపి గంటసేపు ఐసు మీద పెట్టాం. రియాక్షన్ 1 మి.లీ., పీహెచ్ 7.8, బైకార్బొనేట్ 200 మిల్లీమోలార్, స్టైరీన్ 10 మిల్లీమోలార్, పెరాక్సైడ్ 50 మిల్లీమోలార్ ఒకేసారి. రెండు గంటలు, గది ఉష్ణోగ్రత.

ఫలితం: స్టైరీన్ ఆక్సైడ్ 1.1 మిల్లీమోలార్ వచ్చింది. కైరల్ కాలమ్ మీద చూస్తే ఎనాన్షియోమెరిక్ ఎక్సెస్ (ఒక రూపం రెండోదాని కన్నా ఎంత ఎక్కువో చెప్పే అంకె) 3 శాతం, అంటే లేనట్టే. పాకెట్‌ను వెడల్పు చేద్దామని యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లోని సీక్వెన్స్ చూసి 143వ అమైనో ఆమ్లాన్ని అలనీన్ చేశాం. దాంట్లోనూ 1.1, ఎక్సెస్ 2 శాతం. ఇంకో విషయం, అరగంటకల్లా ట్యూబు అడుగున లేత గోధుమ రంగు కనిపిస్తోంది, చిన్న బుడగలు కూడా. ఇప్పుడు ఏ చోట మ్యుటేషన్ చేస్తే ఉపయోగం? సలహా ఇవ్వగలరు.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

తమ్ముడూ, మ్యుటేషన్ల సంగతి తర్వాత. మీ పాకెట్‌లో మాంగనీస్ లేదు, జింకే ఉంది. వస్తున్న ఎపాక్సైడ్ మొత్తం బయట నీళ్లలో తిరుగుతున్న మాంగనీస్ చేస్తున్నదే. మాంగనీస్ లవణం, బైకార్బొనేట్, పెరాక్సైడ్ మూడూ కలిస్తే ఏ ప్రోటీనూ లేకుండానే ఆల్కీన్లు ఎపాక్సైడ్లవుతాయి. ఆ మూడూ మీ ట్యూబులో దండిగా ఉన్నాయి. అందుకే కుడి ఎడమలు సమానం.

ఈడీటీఏ ఎందుకు పనిచేయలేదంటే, ఈ ఎంజైములో జింక్ లోతుగా కూర్చుని ఉంటుంది, దానంతటది వదిలే వేగం మరీ తక్కువ. సగం జింక్ ఊడడానికే మూడు నెలల దాకా పడుతుంది. ఈడీటీఏ బయటికొచ్చిన జింక్‌ను పట్టుకుంటుందే తప్ప లోపలికెళ్లి లాక్కురాదు. అది చేసేది డైపికోలినిక్ ఆమ్లం (పిరిడీన్ 2,6 డైకార్బాక్సిలిక్ ఆమ్లం). చిన్న, చదునైన అణువు, పాకెట్‌లోకి దూరి జింక్‌ను పట్టుకుని తెస్తుంది.

లీటరుకు 8.36 గ్రాములు వేస్తే 50 మిల్లీమోలార్. ఊరికే నీళ్లలో వేస్తే పూర్తిగా కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ దగ్గరదగ్గర 4 గ్రాములు పడుతుంది, చివర్లో చుక్క చుక్కగా వేసి పీహెచ్ 7.0 దగ్గర ఆపండి. ఎంజైము 100 నుంచి 200 మైక్రోమోలార్ ఉండాలి. 5 మి.లీ. ఎంజైముకు అర లీటరు ద్రావణం, 4 డిగ్రీల దగ్గర, 8 గంటలకొకసారి మార్చుతూ మూడు సార్లు. తర్వాత డైపికోలినిక్ పోయేదాకా లోహాలు తీసిన బఫర్‌లో నాలుగు మార్పులు. ఇక్కడ చాలామంది పొరపడతారు: డైపికోలినిక్ 270, 280 నానోమీటర్ల దగ్గర బాగా కాంతిని పీల్చుకుంటుంది. అది మిగిలి ఉండగా 280 దగ్గర ప్రోటీన్ కొలిస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అప్పటిదాకా బ్రాడ్‌ఫర్డ్ రంగు పరీక్షతో కొలవండి. పూర్తిగా పోయాక మామూలుగా 280 దగ్గర 1 మి.గ్రా./మి.లీ. కు 1.87 తీసుకోవచ్చు.

ఇక అసలు శత్రువు నీళ్లు. అపో ఎంజైము (లోహం తీసేసిన ఖాళీ ఎంజైము) జింక్ కోసం కాచుకుని ఉంటుంది. లెక్క చూడండి: 100 మైక్రోమోలార్ ఎంజైము 5 మి.లీ. అంటే 0.5 మైక్రోమోల్. దాన్ని మళ్లీ నింపడానికి కావలసిన జింక్ 33 మైక్రోగ్రాములు, అంతే. లీటరు బఫర్‌లో 33 మైక్రోగ్రాములుంటే రెండు రోజుల మీ కష్టం తిరిగి జింక్ ఎంజైమే అవుతుంది. మన వైపు బోరు నీళ్లు ట్యాంకు నుంచి జీఐ పైపుల్లో దిగుతాయి, ఆ పైపు లోపలి పూతే జింక్. గ్లాసు సామాను ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే అంచుకు తెల్లగా పట్టే చారలో సున్నంతో పాటు అదీ ఉంటుంది. గ్లాసు మానేసి ప్లాస్టిక్ బీకర్లు తీసుకోండి. 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి, 18 మెగాఓమ్ (అయాన్లు తీసిన) నీళ్లతో ఆరుసార్లు కడగండి. బఫర్లన్నీ లోహాలను పట్టేసే చెలెక్స్ 100 రెసిన్ మీదుగా పంపండి. రబ్బరు బిరడాలు, రబ్బరు గొట్టాలు దగ్గరికి రానివ్వొద్దు, రబ్బరు గట్టిపడడానికి జింక్ ఆక్సైడ్ కలుపుతారు. డయాలసిస్ ట్యూబింగ్‌ను 2 శాతం సోడియం బైకార్బొనేట్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏలో పది నిమిషాలు మరిగించి, శుభ్రంగా కడిగి వాడండి.

జింక్ పోయిందో లేదో చూడడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. పారా నైట్రోఫినైల్ అసిటేట్ చాలు. పీహెచ్ 8.0, ఎంజైము 1 మైక్రోమోలార్, సబ్‌స్ట్రేట్ 0.5 మిల్లీమోలార్ (అసిటోనైట్రైల్‌లో అప్పటికప్పుడు కలిపింది), 348 నానోమీటర్లు. జింక్ ఎంజైమయితే కాంతి శోషణ నిమిషానికి 0.4 చుట్టుపక్కల పెరుగుతుంది. ఎంజైము లేకుండా వచ్చేదాన్ని తీసేయండి. అపోలో ఇది 5 శాతం లోపు రావాలి. ఈ పరీక్ష మాంగనీస్ కలపకముందే చేయాలి.

ముందు రెండు కంట్రోళ్లు పెట్టండి. ఒకటి, ఎంజైము లేకుండా మాంగనీస్ ఒక్కటే. రెండోది ఇంకా ముఖ్యం: అసలు జింక్ తీయని ఎంజైము, దాని మీద అదే 1 మిల్లీమోలార్ మాంగనీస్. అక్కడ పాకెట్ నిండి ఉంది కాబట్టి వచ్చేదంతా బయటిదే. మీ అంకె 1.1 దాంతో పోల్చి చెప్పండి.

అనంత_ఎంజైమ్ (అనంతపురం)

అన్నా, పెట్టి చూశాం. మాంగనీస్ ఒక్కటే: 1.2 మిల్లీమోలార్. జింక్ ఎంజైము, మాంగనీస్ కలిపి: 1.0. మేము అపో అనుకున్నది: 1.1. నైట్రోఫినైల్ అసిటేట్ పరీక్షలో అసలు ఎంజైము నిమిషానికి 0.41, ఈడీటీఏ డయాలసిస్ తర్వాత 0.38. అంటే 93 శాతం జింక్ అలాగే ఉంది. మీరు చెప్పినట్టు డైపికోలినిక్‌తో మళ్లీ మొదలుపెడుతున్నాం. 50 రెట్లు మాంగనీస్ వేయకపోతే పాకెట్ నిండదేమోనని వేశాం. ఎంత వేయాలి?

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

మంచి ప్రశ్న, ఈ పని మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. పీహెచ్ 5.5 దగ్గర ఈ ఎంజైముకు లోహాలతో ఉండే స్థిరత్వ స్థిరాంకాల లాగరిథమ్‌లు ఇవి: మాంగనీస్ 3.8, కోబాల్ట్ 7.2, నికెల్ 9.5, జింక్ 10.5, రాగి 11.6. జింక్ పట్టు మాంగనీస్ పట్టుకు 50 లక్షల రెట్లు. పైన నీళ్ల గురించి అంత చెప్పింది ఇందుకే.

3.8 అంటే విడిపోయే స్థిరాంకం 160 మైక్రోమోలార్. పీహెచ్ పెరిగేకొద్దీ హిస్టిడీన్ల మీది ప్రోటాన్లు పోయి పట్టు మెరుగవుతుంది, కాబట్టి కిందివి కనాకష్టం లెక్కలనుకోండి. మీ పాత రియాక్షన్‌లో, పాకెట్ ఖాళీగా ఉన్నా సరే, 20 మైక్రోమోలార్ ఎంజైము, 1000 మాంగనీస్: లోపల కూర్చునేది 17, బయట తిరిగేది 983. ఒకటికి 57. ఆ గుంపులో ఎంజైము చేసే పని కనిపించదు. రెండూ చెరి 20 వేస్తే లోపల 2, బయట 18. ఇదీ బాగాలేదు. ఎంజైము 100, మాంగనీస్ 80 వేయండి: లోపల 25, బయట 55. ఒకటికి రెండు. ఉన్నవాటిలో ఇదే మేలు. పాకెట్లన్నీ నిండాలనే ఆశ వదిలేయండి, బయట మాంగనీస్ తక్కువుండడమే కావలసింది. ఎంజైము ఎప్పుడూ ఎక్కువ, లోహం ఎప్పుడూ తక్కువ.

మాంగనీస్ కలిపాక మళ్లీ డయాలసిస్ చేయకండి. పట్టు ఇంత వదులు కాబట్టి బయటిది పోయేకొద్దీ లోపలిదీ జారిపోతుంది. దానికి బదులు, కలిపిన ద్రావణంలో కొంచెం తీసి 10 కిలోడాల్టన్ ఫిల్టర్‌లో తిప్పండి. కిందికి దిగిన నీళ్లలో ప్రోటీన్ ఉండదు, స్వేచ్ఛగా ఉన్న మాంగనీస్ మాత్రమే ఉంటుంది. ఆ నీళ్లతోనే పక్కన ఒక రియాక్షన్ పెట్టండి. దానిలో వచ్చింది తీసేస్తే మిగిలిందే ఎంజైము వాటా. వచ్చిన ఎపాక్సైడ్‌లో 60 శాతం బయటిదయితే, ఎంజైము నిజంగా 50 శాతం ఎక్సెస్ ఇచ్చినా మీకు కనిపించేది 20. ఈ సవరణ లేకుండా రెండు మ్యూటెంట్లను పోల్చడం శుద్ధ దండగ.

బుడగలు, గోధుమ రంగు సంగతి: క్షార ద్రావణంలో మాంగనీస్ గాలికి, పెరాక్సైడ్‌కు ఆక్సీకరణ చెంది గోధుమరంగు ఆక్సైడ్‌గా దిగుతోంది. ఆ పొడి పెరాక్సైడ్‌ను ఆక్సిజన్‌గా విడగొడుతుంది, బుడగలు అవే. ఆ రంగు కనిపించిన ట్యూబును లెక్కలోకి తీసుకోవద్దు. బైకార్బొనేట్ 200 నుంచి దించి 10, 25, 50, 100 మిల్లీమోలార్లు వరసగా చూడండి. పూర్తిగా మానేయొద్దు, ఎంజైముకూ అది కావాలి. పీహెచ్ 7.2, 7.5 మధ్యకు తెండి. ఫాస్ఫేట్ బఫర్ అసలు వద్దు, మాంగనీస్‌ను తెల్లటి అవక్షేపంగా దించేస్తుంది.

గండికోట_అంచు (కడప)

మ్యుటేషన్ విషయం నేను చెబుతాను. ముందుగా ఒక తప్పు సరిచేసుకోవాలి. మీరు యూనిప్రాట్ సీక్వెన్స్‌లో 143 లెక్కపెట్టారు. క్రిస్టల్ స్ట్రక్చర్లలో ఈ ఎంజైముకు 126 అనే అంకె ఉండదు, 125 తర్వాత నేరుగా 127. కాబట్టి 125 దాటాక రెంటికీ ఒకటి తేడా. పేపర్లలో అందరూ రాసే వాలీన్ 143 యూనిప్రాట్‌లో 142. మీరు మార్చింది స్ట్రక్చర్ అంకెలో లూసీన్ 144. మీ ప్రైమర్ తీసి చూడండి, అలనీన్ పెట్టిన చోట ముందున్న కోడాన్ లూసీన్‌దయి ఉంటుంది, దానికి ఎడమ పక్కదే వాలీన్. 94, 96, 119, 121 రెండింట్లోనూ ఒకటే, అందుకే ఈ తేడా చాలామందికి కనబడదు. 198, 199, 200 దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. థ్రియొనీన్ 199 అనుకుని 200ను మార్చేస్తే నెల రోజులు పోతాయి.

పాకెట్ ఒక గరాటులాంటిది, 15 ఆంగ్‌స్ట్రాముల లోతు, పైన అంతే వెడల్పు, అడుగున లోహం. ఒక గోడ నూనె స్వభావం: వాలీన్ 121, వాలీన్ 143, లూసీన్ 198, వాలీన్ 207, ట్రిప్టోఫాన్ 209, కాస్త పైన ఫినైల్ అలనీన్ 131. ఎదుటి గోడ నీటి స్వభావం: ఆస్పరాజిన్ 62, 67, హిస్టిడీన్ 64, గ్లుటమీన్ 92, థ్రియొనీన్ 200. స్టైరీన్ వలయం నూనె గోడను ఆనుకునే కూర్చోవాలి. 121, 143 రెండూ లోతున ఎదురుపడేవి కాబట్టి వలయానికి చోటు అక్కడే చేయాలి. ఇది ఊహ కాదు. స్వీడన్‌లో లింషోపింగ్ బృందం 2006లో పొడుగు గొలుసు ఎస్టర్లకు ఈ ఎంజైమును మళ్లీ డిజైన్ చేసినప్పుడు 121లో వాలీన్ తీసి అలనీన్ పెట్టడమే దారి తెరిచింది. 143లో టైరోసీన్ లాంటి పెద్దది పెడితే పాకెట్ మూసుకుపోయి అసలు పని కూడా దాదాపు ఆగిపోతుందని 1990ల మొదటి నుంచే తెలుసు.

చేయకూడనివి కొన్ని. థ్రియొనీన్ 199 చోట గ్లుటమిక్, ఆస్పార్టిక్, సిస్టీన్ పెట్టొద్దు, అవి నాలుగో చెయ్యిగా లోహాన్ని పట్టేసుకుంటాయి, సబ్‌స్ట్రేట్‌కు చోటుండదు. గ్లుటమీన్ 92, గ్లుటమిక్ 117 ఈ హిస్టిడీన్లను వెనక నుంచి నిలబెట్టేవి. వాటిని కదిపితే ఇప్పటికే వదులుగా ఉన్న మాంగనీస్ ఇంకా జారుతుంది. మాంగనీస్‌కు ఇంకో చిక్కు ఉంది. జింక్ నాలుగు చేతులతో సరిపెట్టుకుంటుంది, మాంగనీస్‌కు ఆరు కావాలి. మిగతా మూడూ నీళ్లో, బైకార్బొనేటో, పెరాక్సైడో నింపుతాయి. పాకెట్ అడుగు జింక్‌కున్న దానికన్నా ఇరుకవుతుంది, కాబట్టి అడుగున మరీ పెద్ద అమైనో ఆమ్లాలు పెట్టే ఆలోచన మానండి.

లైబ్రరీ (రకరకాల మ్యూటెంట్ల గుంపు) చేయాలా అంటే, నా అభిప్రాయం వద్దని. ఎన్‌ఎన్‌కే ప్రైమరుతో (ఇరవై అమైనో ఆమ్లాలూ వచ్చేలా కలగలిపిన డీఎన్‌ఏ ముక్క) ఒక్క చోటుకే 95 శాతం కవరేజీకి 96 క్లోన్లు కావాలి, రెండు చోట్లు కలిపితే మూడు వేల పైచిలుకు. అన్ని క్లోన్లనూ లోహాలు లేకుండా శుద్ధి చేయలేరు. కణాలు పగలగొట్టిన లైసేట్‌లోనే చూద్దామంటే, ఈ.కోలై కాటలేజ్ మీ పెరాక్సైడ్‌ను నిమిషాల్లో తినేస్తుంది. వేడి చేసి కాటలేజ్‌ను చంపుదామన్నా కుదరదు. కాట్‌ఈ (KatE) రకం కాటలేజ్ మీ ఎంజైము కన్నా వేడిని ఎక్కువ తట్టుకుంటుంది. కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 60 డిగ్రీల దగ్గరే విప్పుకుపోతుంది, అపో ఇంకా ముందే. అజైడ్‌తో కాటలేజ్‌ను ఆపొచ్చు గానీ అజైడ్ మీ లోహాన్నీ పట్టుకుంటుంది.

కాబట్టి చేతితో ఎంచిన పద్దెనిమిది మ్యూటెంట్లు చేయండి: 121, 143, 198 మూడు చోట్లకూ ఆరేసి. 121, 143 చోట్ల అలనీన్, గ్లైసీన్, ఐసోలూసీన్, లూసీన్, ఫినైల్ అలనీన్ (ఇది పెద్దదే, పోలిక కోసం మాత్రమే), థ్రియొనీన్. 198లో లూసీన్ ఎటూ ఉంది కాబట్టి దాని బదులు వాలీన్. హిస్టిడీన్, సిస్టీన్ పెట్టకండి, ఒకటి లోహాన్ని పంచుకుంటుంది, రెండోది పెరాక్సైడ్‌కు కాలిపోతుంది. ఆ మాటకొస్తే ఎంజైములో ఉన్న ఒకే ఒక సిస్టీన్ 206ను ముందే సెరీన్ చేసి, ఆ సెరీన్ రూపాన్నే అసలు రూపంగా పెట్టుకోండి. మంచిది దొరికాక దాని మీద రెండో చోటు మార్చండి, రెండూ ఒకేసారి కాదు.

శుద్ధి దగ్గర ఒక హెచ్చరిక. సల్ఫనమైడ్ కాలమ్ పట్టేది పాకెట్ తెరుచుకుని, లోపల జింక్ ఉన్న ఎంజైమును మాత్రమే. పాకెట్ మార్చిన మ్యూటెంట్ పట్టకుండా కిందికి దిగిపోతే, ప్రోటీన్ తయారు కాలేదనుకుంటారు. కాలమ్ నుంచి దిగిన నీళ్లను కూడా జెల్ మీద చూడండి, 29 కిలోడాల్టన్ల దగ్గర గీత అందులో కనిపిస్తుంది. శుద్ధి కోసం హిస్ ట్యాగ్ (హిస్టిడీన్ల తోక) వద్దు, కాలమ్ నుంచి నికెల్ కారుతుంది, ట్యాగే మాంగనీస్‌ను పట్టుకుంటుంది. చివర స్ట్రెప్ ట్యాగ్ పెట్టుకోండి. అసలు ఈ ప్రోటీన్ మొదటి భాగంలోనే 3, 4, 10, 15, 17 చోట్ల హిస్టిడీన్లున్నాయి. రోడియంతో పని చేసినప్పుడు కజ్లౌస్కస్ బృందమే పైపై హిస్టిడీన్లను మార్చాల్సి వచ్చింది. జింక్ ఎంజైము మీద మాంగనీస్ వేసిన కంట్రోల్ ప్రతి మ్యూటెంట్‌కూ విడిగా పెట్టమనేది అందుకే.

ఎర్రనేల_ల్యాబ్ (అనంతపురం)

కొలత వైపు నుంచి నాలుగు మాటలు.

స్టైరీన్ నీళ్లలో కరిగేది లీటరుకు 0.3 గ్రాములే, అంటే 3 మిల్లీమోలార్ లోపు. మీరు వేసిన 10లో ఏడు దాకా పైన నూనెలా తేలి ఉంటుంది, ఏ ట్యూబు ఎంత కుదిపారో దాన్నిబట్టి ఫలితం మారుతుంది. 2 మిల్లీమోలార్ చాలు: అసిటోనైట్రైల్‌లో 200 మిల్లీమోలార్ స్టాక్, 1 మి.లీ. కు 10 మైక్రోలీటర్లు. సీసాలోని స్టైరీన్ గడ్డకట్టకుండా టెర్ట్ బ్యూటైల్ కాటెకాల్ కలిపి అమ్ముతారు. కాటెకాల్ మాంగనీస్‌ను పట్టుకుంటుంది, పెరాక్సైడ్‌ను తినేస్తుంది. పాశ్చర్ పిపెట్‌లో వేలెడు బేసిక్ అల్యూమినా పోసి, దాని మీదుగా స్టైరీన్ పంపి ఆ రోజే వాడండి. అల్యూమినా పై అంచు పసుపు తిరిగితే కాటెకాల్ అక్కడ ఆగిందని అర్థం.

పెరాక్సైడ్ 50 ఒకేసారి పోస్తే ఎంజైములోని మెథియొనీన్ ముందు కాలుతుంది. 30 శాతం ద్రావణం దగ్గరదగ్గర 9.8 మోలార్. పది రెట్లు పలచన చేసి, పది నిమిషాలకు 1 మైక్రోలీటరు చొప్పున పది సార్లు వేయండి. మొత్తం 10 మిల్లీమోలార్ లోపే అవుతుంది. పలచన చేసింది రోజూ కొత్తగా కలపాలి, 240 నానోమీటర్ల దగ్గర (మోలార్‌కు 43.6) బలం చూసుకోవాలి. ఎండాకాలం మన ఊళ్లో కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే సీసాలోని 30 శాతం 30 ఉండదు.

గది ఉష్ణోగ్రత అని రాశారు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గది 38 దాటుతుంది. స్టైరీన్ ఆక్సైడ్ నీళ్లలో నెమ్మదిగా విచ్చుకుని డయాల్ అవుతుంది, వేడిలో ఇంకా త్వరగా. ఎపాక్సైడ్ ఒక్కటే కొలిస్తే తక్కువ కనిపిస్తుంది. 20 డిగ్రీల వాటర్ బాత్‌లో పెట్టండి. రియాక్షన్ ఆపేటప్పుడు ఆమ్లం పోయకండి, ఎపాక్సైడ్ పోతుంది. కొంచెం సోడియం సల్ఫైట్ వేసి మిగిలిన పెరాక్సైడ్ తీసేసి, వెంటనే 0.5 మి.లీ. ఇథైల్ అసిటేట్‌లోకి లాగండి, అందులో ఇంటర్నల్ స్టాండర్డ్‌గా డోడెకేన్ ముందే ఉండాలి. జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) ఇంజెక్టర్ 250 డిగ్రీల దగ్గర, లైనర్ మురికిగా ఉంటే ఎపాక్సైడ్ అక్కడే ఫినైల్ ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. 180కి దించి, కొత్త లైనర్ వేసి, కొన్న స్టైరీన్ ఆక్సైడ్‌నే ఎక్కించి చూడండి. రెండో పీకు వస్తే అది మీ ఎంజైము చేసింది కాదు.

నల్లమల_నీడ (కర్నూలు)

చెప్పినవన్నీ సరైనవే. అయినా చూడప్పా, ఇంత వదులుగా కూర్చునే లోహంతో పాకెట్ డిజైన్ నేర్చుకోవడం ఇసుకలో పునాది తవ్వడమే. పని ఇంకా మొదట్లోనే ఉంది కాబట్టి లోహం మార్చే సంగతి ఒకసారి ఆలోచించండి.

జింక్ తీయకుండానే కొత్త పని చేయించొచ్చు. 2021లో బర్క్లీలో హార్ట్‌విగ్, క్లార్క్ బృందాలు ఇదే ఎంజైములో జింక్ మీదికి సైలేన్ నుంచి హైడ్రైడ్ ఎక్కించి కీటోన్లను ఆల్కహాళ్లుగా మార్చాయి. కీటోన్లను ఇలా సైలేన్‌తో మార్చడం ప్రకృతిలో ఏ ఎంజైమూ చేయని పని. జింక్ పట్టు గట్టిది, అపో చేయాల్సిన పనే లేదు, బయట లోహం బెడదా లేదు.

ఇంకో దారి బాసెల్‌లో వార్డ్ బృందానిది. జింక్‌ను అక్కడే ఉంచి, సల్ఫనమైడ్ తోక తగిలించిన ఇరిడియం కాంప్లెక్సును దాని మీద కూర్చోబెట్టారు. ఫార్మేట్ హైడ్రైడ్ ఇస్తుంది, ఇమీన్ అమీన్ అవుతుంది. 2011లో మొదలైంది, 2015లో బేకర్ బృందంతో కలిసి రోసెట్టా అనే ప్రోటీన్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పాకెట్‌ను సరిచేసి ఎక్సెస్‌ను 90 శాతం పైకి తెచ్చారు. ఇక్కడ కంట్రోల్ సులువు. అసిటజోలమైడ్ (ఇదీ సల్ఫనమైడే) వేస్తే ఇరిడియం బయటికి నెట్టబడి ఎక్సెస్ పడిపోవాలి. పడకపోతే పని పాకెట్‌లో జరగడం లేదు. మాంగనీస్ ఎంజైము మీద ఈ పరీక్ష నమ్మొద్దు, సల్ఫనమైడ్లు గట్టిగా పట్టేది జింక్, కోబాల్ట్ రూపాలనే. లైసేట్‌లో మాత్రం గ్లుటాథయోన్ ఇరిడియాన్ని చంపేస్తుంది, ముందు డయమైడ్‌తో దాన్ని ఆక్సీకరించాలి.

గండికోట_అంచు (కడప)

ఇరిడియం ఖర్చు చిన్న ల్యాబుకు భారమే. హైడ్రైడ్ దారి మంచిదని ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఈ పిల్లలకు ఎంజైము ఉంది, కైరల్ జీసీ ఉంది, డైపికోలినిక్ చవక. అపో శుభ్రంగా వస్తే మాంగనీస్ ప్రశ్నకు పదిహేను రోజుల్లో అవునో కాదో తేలుతుంది. తేలకుండా వదిలేయొద్దు.

అనంత_ఎంజైమ్ (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీరన్నది నిజమే, ప్రైమర్‌లో మేము మార్చిన కోడాన్ లూసీన్‌దే, ఎడమ పక్కన వాలీన్. 121 అలనీన్, అసలు 143 అలనీన్ ప్రైమర్లు ఆర్డర్ పెట్టాం.

డైపికోలినిక్ మూడు మార్పులు, ప్లాస్టిక్ సామాను, చెలెక్స్ బఫర్లు. నైట్రోఫినైల్ పరీక్షలో 0.41 నుంచి 0.016కి దిగింది, అంటే 4 శాతం. అందులోంచి కొంచెం తీసి సమానంగా జింక్ సల్ఫేట్ కలిపి గంట ఉంచితే 0.37కి తిరిగొచ్చింది.

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు)

జింక్ కలిపితే 90 శాతం తిరిగొచ్చిందంటే మడత చెడలేదు, అపో బాగుంది. దాన్ని ఫ్రిజ్‌లో వారాల తరబడి పెట్టకండి, మూత తీసిన ప్రతిసారీ జింక్ ఎక్కుతుంది. 50 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 80లో పెట్టి, ఒక్కోటి ఒక్కసారే కరిగించండి.

రేపటి రియాక్షన్ ఇలా పెట్టండి: 0.5 మి.లీ., అపో 100 మైక్రోమోలార్, అంటే ట్యూబుకు 1.5 మి.గ్రా. ప్రోటీన్. మాంగనీస్ 80. బైకార్బొనేట్ 25 మిల్లీమోలార్, పీహెచ్ 7.3, 20 డిగ్రీలు, స్టైరీన్ 2 మిల్లీమోలార్. పెరాక్సైడ్ ఎర్రనేల గారు చెప్పినట్టు విడతలుగా, మీది అర మి.లీ. కాబట్టి సారికి అర మైక్రోలీటరు. అంత చిన్నది పిపెట్‌కు సరిగా రాదు, ఇంకో రెండు రెట్లు పలచన చేసి 1 మైక్రోలీటరు వేయండి. పక్కన నాలుగు ట్యూబులు: ఫిల్టర్ నీళ్లది, జింక్ ఎంజైము మీద 80 మాంగనీస్ వేసింది, మాంగనీస్ లేని అపో, ఆల్బుమిన్ మీద 80 మాంగనీస్ వేసింది. ఐదింటి అంకెలూ, ఒక్కోదాని ఎక్సెస్ విడివిడిగా ఇక్కడ పెట్టండి. మాంగనీస్ లేని అపోలో కూడా ఎపాక్సైడ్ కనిపిస్తే మాత్రం ముందు బైకార్బొనేట్ సీసా మార్చండి, తక్కువ గ్రేడు లవణాల్లో లోహాల మలినాలు సరిపోయేంత ఉంటాయి.